రుద్రభానుడి కోట తలుపు

కార్తీక శుద్ధ విదియ. మబ్బు. తూర్పు గాలి.

ఈ చిట్టా రాసే పని నాకు ఇష్టం లేదని ముందే చెప్పేస్తున్నాను. కానీ తెప్పలపేటలో తొక్కుడు షెడ్డు కథకుడు ఎవరైనా సరే, పూట ముగిశాక ఏం కథ చెప్పాడో, జనం ఎలా తొక్కారో రాసిపెట్టాలి. కింద మీటరు మనిషి తన మాట ఒకటి రాయాలి. కథకుణ్ణి నేను, తాతారావుని. మీటరు మనిషి మా నాన్న నూకరాజు. ఈ ఏర్పాటు చేసినవాళ్ళకి నా మీద ఏం పగ ఉందో తెలీదు.

ఎండ కాసే నెలల్లో మా తేలే ఊరికి కరెంటు లోటు లేదు. పైకప్పుల మీది పలకలు ఎండ తాగి, మంచినీళ్ళ మిషనుకీ, నీళ్ళ కింద తిరిగి ఊరిని నడిపే పంకాలకీ సరిపడా ఇస్తాయి. మబ్బు నెలల్లో మాత్రం కాళ్ళే దిక్కు. షెడ్డులో వరసలుగా సైకిళ్ళు ఉంటాయి, కింద చక్రాలుండవు. పొద్దున కొందరు, మధ్యాహ్నం కొందరు ఎక్కి తొక్కితే కరెంటు పుడుతుంది. ఎక్కడికీ పోని సైకిలు ఊరికే తొక్కమంటే ఎవరు మాత్రం తొక్కుతారు? అందుకని కథ.

కథ అంటే ఒక్కటే కథ, 'రెక్కల కోట'. ఊళ్ళు ఇంకా నేల మీద ఉన్న రోజుల్లో రేడియోలో వచ్చేదట. పెద్దవాళ్ళు తెప్పలెక్కేటప్పుడు వెంట తెచ్చుకున్న సామాన్లలో దాని రికార్డు ఒకటి. రాజు రుద్రభానుడు ఒక గండభేరుండాన్ని పట్టి పంజరంలో పెడతాడు. కొడుకు జయకేతుడు జాలిపడి దాన్ని వదిలేస్తాడు. రాజు కోపంతో కొడుకుని దేశం నుంచి వెళ్ళగొడతాడు. సముద్రాలన్నీ తిరిగి తిరిగి, చివరికి అదే గండభేరుండం మీద కొడుకు కోట తలుపు ముందు దిగుతాడు. "నాన్నగారూ, నేను వచ్చాను" అంటాడు. అక్కడితో రికార్డు ఆగిపోతుంది. మిగతా భాగాలు నీళ్ళపాలయ్యాయి.

అప్పట్నించి మిగతాది మేమే అల్లుకుంటున్నాం. దాన్ని కొసరు కథ అంటారు. కొసరుకి నియమం ఒకటే. అసలు కథలో ఉన్నదాన్ని చెరపకూడదు, లేనిదాన్ని ఎంతైనా కలపొచ్చు. మాంత్రికుల్ని కలిపారు, మరుగుజ్జు సైన్యాన్ని కలిపారు, ఒక రాకుమారినీ ఆమెకో కవల చెల్లెల్నీ కలిపారు. ఎంతమంది కథకులు మారినా కోట తలుపు మాత్రం తెరుచుకోలేదు. జయకేతుడు బయటి నుంచి అరుస్తాడు, రాజు బురుజు మీది నుంచి అరుస్తాడు. తిట్టుకునే చోట జనం కసిగా తొక్కుతారు, మీటరు ముల్లు పైకి లేస్తుంది. ఆ తండ్రీకొడుకుల తగువు పుణ్యమా అని మా ఇళ్ళలో దీపాలు వెలుగుతున్నాయి.

ఇవాళా తిట్లే చెప్పాను. ముల్లు జారితే నాన్న ఎర్ర తువ్వాలు ఎత్తుతాడు, నేను వెంటనే గొంతు పెంచాలి. ఇవాళ ఒక్కసారే ఎత్తాడు.

మీటరు మనిషి మాట: ముల్లు నిలబడింది.


కార్తీక శుద్ధ పంచమి. మబ్బు. చినుకులు.

"ముల్లు నిలబడింది." నాన్న దగ్గర దొరికే మెప్పు ఇంతే. ఇంతకు మించి ఆశించేవాళ్ళు వేరే ఇంట్లో పుట్టాలి.

నాకు ఆ తలుపు తెరవాలని ఉంది. రోజూ జయకేతుడి గొంతుతో "నాన్నగారూ, నాన్నగారూ" అని అరిచి, ఇంటికెళ్ళి అసలు నాన్న పక్కన కూర్చుని మాటా పలుకూ లేకుండా అన్నం తినడం నా వల్ల కావడం లేదు. నాన్న పంకాల మేస్త్రీ. నన్నూ మేస్త్రీని చేద్దామనుకున్నాడు. నేను కథలు చెబుతానన్న రోజున, "నోటితో పనిచేసేవోణ్ణి నేను కనలేదు" అన్నాడు. నిరుడు గొలుసు తెగి తగిలి ఆయన మోకాలు పోయింది. పంకా గదిలో పనికిరాడని, మా ఊరిని నడిపే సరంగు అప్పాయమ్మగారు ఆయన్ని తెచ్చి షెడ్డులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నాకు సరిగ్గా ఎదురుగా. నోటితో పనిచేసే కొడుకుని చూస్తూ కూర్చోవడమే ఇప్పుడాయన ఉద్యోగం.

పొద్దున చద్దన్నం దగ్గర ధైర్యం చేశాను.

"నాన్నా, తలుపు తెరిపిద్దామనుకుంటున్నాను."

"ఏ తలుపు?"

"కోట తలుపు. రాజు కిందికి దిగొచ్చి కొడుకుని కావలించుకుంటాడు."

ఎండుచేప విరుస్తున్నవాడల్లా ఆపి నా వంక చూశాడు. "దిగొచ్చి ఏమంటాడంట?"

"తప్పయిపోయిందంటాడు."

"ఏ తండ్రైనా కొడుకు ముందర నిలబడి తప్పయిపోయిందంటాడేంట్రా? జనం నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. ఎన్నాళ్ళని గుమ్మం బయట నిలబెడతారు వాణ్ణి?"

"నిలబడలేనోడు పోవచ్చుగా మళ్ళీ" అని చెయ్యి కడిగేసుకున్నాడు.

మాట్లాడుతున్నది జయకేతుడి గురించేనని ఇద్దరం గట్టిగా అనుకుంటూ లేచాం.

మీటరు మనిషి మాట: ముల్లు నిలబడింది. రేపు కూడా ఇలాగే చెబితే మంచిది.


కార్తీక శుద్ధ సప్తమి. మబ్బు.

ఇవాళ తలుపు తెరిచాను.

చెప్పేటప్పుడు నా ఒళ్ళే నాకు తెలియలేదు. రాజు బురుజు దిగాడు. మెట్టు మెట్టుకీ కిరీటం బరువెక్కింది. తలుపు తీసి, కొడుకు ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, "తప్పు నాదిరా" అన్నాడు. షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. నేను పొంగిపోయాను. ఎంత నిశ్శబ్దమో, కథ అంత బాగా పండిందనుకున్నాను.

నిశ్శబ్దం ఎందుకో ఎర్ర తువ్వాలు చూశాక గాని వెలగలేదు. తొక్కుడు ఆగిపోయింది! మొదటి వరసలో తొక్కే వీరవేణి పెడళ్ళ మీంచి కాళ్ళు తీసేసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. ఆమె వెనక జనమంతా అదే పని. నాన్న తువ్వాలు ఊపుతూనే ఉన్నాడు. నేను గొంతు పెంచాను, రాజు చేత ఇంకా ఏడిపించాను. జనం ఇంకా ఏడ్చారు. ముల్లు అడుక్కి పడిపోయింది, దీపాలు మినుక్కుమన్నాయి, మంచినీళ్ళ మిషను గుర్రుమని ఆగిపోయింది. ఆగిన మిషనులోకి ఉప్పునీరు వెనక్కి తన్నింది. దాన్ని కడిగి మళ్ళీ నడపడానికి దాచిన బ్యాటరీలన్నీ ఖర్చు చేయాల్సి వచ్చింది.

సరంగుగారు షెడ్డుకి వచ్చారు. "కథ బాగుందంట కదా తాతారావు. గుక్కెడు నీళ్ళివ్వు మరి, తాగుతాను" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంకోసారి ఇలా జరిగితే కథ మాన్పించి, జనం దరువుకి తొక్కేలా తప్పెట కొట్టిస్తానన్నారు.

నాన్న మాత్రం అందరి ముందూ ఒక్కటే అన్నాడు. "ముందే చెప్పాను. రాజు దిగడని."

మీటరు మనిషి మాట: ముల్లు పడిపోయింది.


కార్తీక శుద్ధ నవమి. మబ్బు. గాలి తిరిగింది.

రేడియోలో వాయుగుండం కబురు వచ్చింది. చతుర్దశికి తుపానై మా మీదికే వస్తుందట. మడ అడవుల పాయలోకి ఊరిని తోలుకుపోతే బతుకుతాం. చెట్లు గాలిని ఆపుతాయి. బయటే ఉంటే తెప్పకి తెప్ప విడిపోయి ఎవరెక్కడ తేలతామో ఎవరికీ తెలీదు. పాయ దాకా పంకాలు ఆగకుండా తిరగాలి. బ్యాటరీలు ఉంటే తిరిగేవే. అవి నా కథకి ఖర్చయిపోయాయి కదా.

ఎవరూ నన్ను ఆ మాట అనలేదు. అంటే బాగుండేది.

వీరవేణి వలలు చుట్టుకుంటూ పలకరించింది. "ఏం తాతబాబూ, మొహం అలా వేలాడేశావు? నీ కథ బాలేదని ఆపామనుకున్నావా ఏంటి?"

"బాగుంటే ఎందుకు ఆపుతావు వీరవేణక్కా?"

"కళ్ళు నిండితే కాళ్ళాడవయ్యా. ఆళ్ళిద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి ఏడిపించావు. నిలబడ్డోళ్ళని చూస్తూ ఎవరు తొక్కుతారు? మా ఆయనా మా పెద్దోడూ ఎప్పుడైనా అలా నిలబడి మాట్లాడుకోగా చూశావా? పడవ తోసేటప్పుడు తప్ప ఆళ్ళ నోట్లోంచి మాటే రాదు."

అర్థమైనట్టే తలూపాను గాని, ఏమీ అర్థం కాలేదు.

మధ్యాహ్నానికి ఇంకో గండం. ఎడమవైపు పెద్ద పంకాకి పాత వల చుట్టుకుని బిగుసుకుపోయింది. కొత్త మేస్త్రీ చేతులెత్తేశాడు. సరంగుగారు నాన్నని పిలిచారు. నాన్న మోకాలు చూసుకున్నాడు, తర్వాత నన్ను చూశాడు.

"నువ్వు రా" అన్నాడు.

మీటరు మనిషి మాట: పనికి పోతున్నాం.


కార్తీక శుద్ధ ఏకాదశి. వాన.

పంకా గది అంటే గది కాదు, తెప్ప కింద ఒక గొయ్యి. ఇరుసుకి అటొక పిడిచక్రం, ఇటొక పిడిచక్రం. ఇరుసు ఎంత లావంటే అటు నాన్న కూర్చుంటే ఇటు నాకు ఆయన కనబడడు. ఇద్దరూ కలిసి తిప్పితేనే వల ముడి కొంచెం కొంచెంగా వదులుతుంది. ఒకడే తిప్పితే ఇంకా బిగుస్తుంది. ఈ పని నాకు చిన్నప్పుడే నేర్పాడు. చేతులు మరచిపోలేదు.

చాలాసేపు "తిప్పు", "ఆపు" తప్ప మాటల్లేవు. తర్వాత ఇరుసు అవతల నుంచి ఉన్నట్టుండి గొంతు వినబడింది.

"ఈ పంకాయే నీకు మొదట చూపించింది. గుర్తుందా?"

"అమ్మ పోయిన వారానికే తీసుకొచ్చావు. అందరూ ఇంట్లో ఏడుస్తుంటే నా చేతిలో గ్రీజు డబ్బా పెట్టావు. అప్పుడు నీ మీద చాలా కోపమొచ్చింది నాన్నా."

"తిప్పు." నేను తిప్పాను. "నీకేం చెప్పాలో తెలీలేదురా అప్పుడు. ఏదోటి చెప్పాలి కదా పిల్లోడికి. నాకు తెలిసింది ఇదొక్కటే. అందుకే ఇది చెప్పాను."

నాకు కళ్ళు మసకేశాయి. కానీ చేతులు ఆగలేదు, ఆగితే వల బిగుస్తుంది. ఆయనా ఆగలేదు. షెడ్డులో మోకాలి నొప్పితో ముల్లు చూస్తూ కూర్చుని ఉంటే, ఎదురుగా నేను రోజూ జయకేతుణ్ణి గుమ్మం బయట నిలబెడుతుంటే ఆయనకేమనిపించేదో అడగాలనిపించింది. అడిగాను కూడా.

"నువ్వు చెప్పే రాజు ఊరికే బురుజెక్కి తిడతాడు. అంత తీరికెక్కడిది ఆడికి?" అన్నాడు నాన్న. "కోటన్నాక ఏదో పనుంటాది కదా లోపల. తిప్పు."

వల ఊడి వచ్చింది. పంకా తేలిగ్గా తిరిగింది. అంతే, మాటలూ ఆగిపోయాయి. పైకొచ్చాక ఎదురుపడి, "గ్రీజు డబ్బా మూత పెట్టు" అన్నాడు నా మొహం చూడకుండా. నేను మూత పెట్టాను. నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి నాకు.

వీరవేణి చెప్పింది ఇప్పుడు అర్థమైంది. ఆ తలుపు దగ్గర ఏముందో కూడా నాకు తెలిసిపోయింది.

మీటరు మనిషి మాట: ఎడమ పంకా బాగుంది. ఆడి చేతులు బాగానే పనిచేస్తాయి.


కార్తీక శుద్ధ చతుర్దశి. తుపాను.

తెల్లవారుతూనే ఊరు కదిలింది. షెడ్డులో సైకిలు ఒక్కటి ఖాళీ లేదు. ఒకరు దిగితే ఎక్కడానికి పక్కనే ఇద్దరు నిలబడ్డారు. రేకుల మీద వాన మోత. కింద సముద్రం షెడ్డుని ఎత్తి ఎత్తి కుదేస్తోంది. సరంగుగారు చుక్కాని దగ్గర నుంచి కబురంపారు. "తాతారావుని తిట్లే చెప్పమనండి. తలుపు జోలికి వెళ్ళొద్దనండి."

మధ్యాహ్నం దాకా తిట్లే చెప్పాను. మొదట్లో బాగానే లేచిన ముల్లు తర్వాత తర్వాత జారడం మొదలెట్టింది. జనానికి ప్రాణభయం పట్టుకుంది. భయపడ్డవాళ్ళకి ఎవరి తిట్లూ ఎక్కవు. దూరంగా మడ చెట్ల నల్ల గీత కనబడుతోంది, కానీ దగ్గరకు రావడం లేదు. వెళ్ళినంత దూరమూ అల వెనక్కి నెడుతోంది. నాన్న తువ్వాలు ఎత్తినవాడు దించడమే లేదు.

సరే, తప్పెట కొట్టిస్తే కొట్టించుకోనీ అనుకున్నాను. తలుపు దగ్గరికి వెళ్ళిపోయాను.

"జయకేతుడు అరవడం మానేశాడు" అన్నాను. "తలుపుకి చెవి పెట్టాడు. లోపల్నుంచి చప్పుడు వినబడుతోంది. ఇనుము మీద ఇనుము రాసుకుంటున్న చప్పుడు. ఆ కోట తలుపు తోస్తే తెరుచుకునేది కాదు. దాన్ని పైకెత్తడానికి లోపలొక చక్రం, బయటొక చక్రం. రెండూ తుప్పు పట్టిపోయాయి. రెండూ ఒక్కసారే తిరిగితే గాని తలుపు లేవదు. బురుజు మీద తిట్టి దిగిపోయాక రాజు రోజూ ఎక్కడికి పోతాడో ఇన్నాళ్ళూ మనం అడగలేదు. అక్కడికే! చెమటలు కక్కుతూ, కిరీటం పక్కన పెట్టి, ఒంటరిగా ఆ చక్రం తిప్పుతున్నాడు!"

వీరవేణి తలెత్తి చూసింది. ఆమె కాళ్ళు ఆగలేదు. వేగం పెరిగింది.

"జయకేతుడు చక్రానికి అల్లుకున్న తీగలు తెంచి తన వైపు చక్రం పట్టుకున్నాడు. తిప్పాడు! లోపల రాజు..."

అక్కడ నా గొంతు పోయింది. పొద్దుట్నించి అరిచిన గొంతు కదా, పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. జనం నా వంక చూస్తున్నారు. ఇంకో నిమిషం ఊరుకుంటే కాళ్ళు ఆగిపోతాయి.

అప్పుడు నాన్న లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని, కుర్చీ వీపు పట్టుకుని, ఆ పాడైన మోకాలి మీదే నిలబడ్డాడు. ఆయనది కథ చెప్పే గొంతు కాదు. పంకా మోతలో అవతలివాడికి వినబడాలని అరిచే గొంతు.

"ఒరేయ్ జయా! వచ్చావా? చక్రం నీ పక్కన కూడా ఉంది, గట్టిగా పట్టుకో! నేనిటు తిప్పుతున్నాను, నువ్వటు తిప్పు!"

షెడ్డంతా ఒక్క ఊపున తొక్కింది. ఎవరో "హైలెస్సా" అందుకున్నారు. నేను మీటరు దగ్గరికి వెళ్ళి నాన్న పక్కన నిలబడ్డాను. ఇద్దరం జనం వైపు చూస్తున్నాం, ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నాకు మిగిలిన గుసగుసతో జయకేతుడి మాట అడిగాను. నాన్న వినాలంటే వంగాల్సి వచ్చింది.

"ఎప్పట్నించి తిప్పుతున్నారు నాన్నగారూ?"

వంగిన నాన్న నిటారుగా నిలబడ్డాడు. తర్వాత షెడ్డు మొత్తానికి వినబడేలా అరిచాడు.

"నువ్వెళ్ళిన రోజు నించే తిప్పుతున్నాన్రా! నా ఒక్కడి వల్ల కాలేదు! తిప్పు!"

కళ్ళు నిండని మనిషి లేడు షెడ్డులో. కానీ ఈసారి ఒక్క కాలు కూడా ఆగలేదు. ఏడుస్తూ తొక్కారు, అరుస్తూ తొక్కారు. వీరవేణి ముక్కు తుడుచుకోవడానికి కూడా చెయ్యి తీయలేదు. ఒక్కో ఊపుకి తలుపు జానెడు లేచిందని నాన్న అరుస్తున్నాడు, నేను లోగొంతుతో అందిస్తున్నాను. మోకాలెత్తు లేచింది. నడుమెత్తు లేచింది. ఎడమ పంకా హోరు నా అరికాళ్ళకి తెలుస్తోంది. మేమిద్దరం వల నుంచి విడిపించిన పంకా అది. కిటికీలోంచి మడ చెట్లు గీత కాకుండా చెట్లయ్యాయి. కొమ్మలయ్యాయి. ఆకులయ్యాయి. ఉన్నట్టుండి కింద అల మెత్తబడింది, గాలి మోత మా తల మీదికి వెళ్ళిపోయింది.

చుక్కాని దగ్గర్నుంచి సరంగుగారి కేక వినబడింది. "పాయలో ఉన్నాం! పాయలో ఉన్నాం!"

నాన్న నా వైపు తిరిగాడు. రాజుగా అన్నాడో తనకు తానుగా అన్నాడో నేను అడగలేదు, అడగను కూడా.

"తలుపు లేచిందిరా. లోపలికి రా" అన్నాడు.

అప్పుడు ఆగాయి కాళ్ళు, అన్నీ ఒక్కసారే. మనుషులు సైకిళ్ళ మీద వాలిపోయి కావలసినంత ఏడ్చారు, కేరింతలు కొట్టారు, ఒకళ్ళనొకళ్ళు వాటేసుకున్నారు. ముల్లు అడుక్కి పడిపోయింది. దీపాలు ఆరిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు. నాన్న ఆ ఎర్ర తువ్వాలు ఎత్తలేదు, దాంతో మొహం తుడుచుకుంటున్నాడు.

మీటరు మనిషి మాట:


కార్తీక పౌర్ణమి. గాలి తగ్గింది. మబ్బు చాటున చంద్రుడు.

నిన్న నాన్న తన మాట రాయలేదు. చిట్టా చేతికిస్తే, రేపు చూద్దాంలెమ్మని పడుకున్నాడు.

ఒక్క తెప్ప కూడా విడిపోలేదు. తడవని సామాను వెతుక్కుని మరీ ఆడవాళ్ళు దీపాలు పెట్టారు. సరంగుగారు వచ్చి, "తలుపు తెరిచేశావు సరే, రేపట్నించి జనం దేనికి తొక్కాలయ్యా?" అని నన్ను దబాయించారు. నాకు గొంతు లేదు. నాన్నే జవాబు చెప్పాడు.

"ఇంక తండ్రీ కొడుకూ కలిసి బయలుదేరతారండి. చూడని దేశాలు బోలెడున్నాయి కదా."

"ఒక పక్షి మీద ఇద్దరా?"

"రెండు తలలున్న పక్షండీ అది. ఇద్దరు దానికో బరువా?"

ఆవిడ వెళ్ళాక నాన్న మిరియాల చారు కాచి నా ముందు పెట్టాడు. బాగా చెప్పావని గాని, ఇంకేమైనా గాని అనలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చుని ఇరుసుకి కొత్త పిడి చెక్కాడు. ఒక చివర నన్ను పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను. చాలా సంతోషంగా ఉంది నాకు.

ఇప్పుడే చిట్టా తీసుకుని, నిన్న వదిలేసిన చోటు చూసి, నన్ను అటు తిరగమని, ఇదిగో ఇక్కడ రాశాడు.

మీటరు మనిషి మాట: నిన్న ముల్లు చూడలేదు. కథ విన్నాను.